గుండె గీతకు వెల యెవరు చెల్లింపవలెను?

కొన్ని సంవత్సరముల క్రిందట ఒకనాటి రాత్రి భోజనమైన పిమ్మట మా మేనమామగారికి రొమ్ములో పట్టినట్లై, ఎడమచేయి లాగ నారంభించెను. ఆయన డెబ్బది దాటిన మనిషి. ఇంటిల్లిపాదియు కంగారుపడి ఆయనను దగ్గరనున్న ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. వైద్యులు వచ్చీరాకముందే ఇ.సి.జి. తీసిరి. రాత్రియంతయు ఉంచుకొని గంటల తేడాతో రక్తపరీక్షలు జరిపిరి. మరునాడు ఎకో పరీక్ష చేసిరి. సాయంకాలము దాటినతరువాత, గుండెకేమియు లోపము లేదు, ఇది అజీర్తి వలన కలిగిన నొప్పి యని నవ్వుచు చెప్పి, ఆ మరునాటి ఉదయమున పంపివేసిరి. అందరమును తేలికపడితిమి.

మూడు వారములైన తరువాత బీమావారి యొద్దనుండి ఉత్తరము వచ్చెను. ఆసుపత్రిలో చేరుట పరీక్షల నిమిత్తమే జరిగినది గావున సొమ్ము చెల్లింప వీలులేదని దాని సారాంశము. మామయ్యగారు దానిని రెండుమారులు చదివి, కండ్లజోడు తీసి బల్లపై నుంచి, "ఏమిరా అబ్బాయీ! నా గుండె బాగుండటమే నేను చేసిన తప్పా?" అని నన్నడిగిరి.

నేనప్పుడు సమాధానము చెప్పలేకపోతిని. తరువాత ఆ ప్రశ్న నన్ను విడువలేదు. దాని మూలము వెదకుచు పోగా అది మా యింటి ప్రశ్న కాదనియు, నూరేండ్లకు పైబడిన చరిత్ర గలదనియు తెలియవచ్చెను. శరీరమును కోయక, సూది గ్రుచ్చక, గుండె స్థితిని తెలిసికొను పరీక్ష యెట్లు పుట్టినది? దానికి మూల్యము చెల్లించుటకు నిబంధనలు ఎట్లేర్పడినవి? ఆ కథను క్లుప్తముగా మనవి చేసెదను.

గుండె కొట్టుకొనునప్పుడెల్ల స్వల్పమైన విద్యుత్తు పుట్టునని పందొమ్మిదవ శతాబ్దపు శాస్త్రజ్ఞు లెరుగుదురు. కాని గుండెను బయటకు తీయక, మనిషి చర్మము మీదనుండియే ఆ విద్యుత్తును గ్రహించి చూపినవాడు అగస్టస్ వాలర్. ఆయన లండను నగరమున సెయింట్ మేరీ ఆసుపత్రి పాఠశాలలో శరీరధర్మశాస్త్రమును బోధించుచుండెను. 1887 లో సన్నని గాజుగొట్టములోని పాదరసము గుండెతోపాటు పైకిని క్రిందికిని కదలుటను ఆయన చిత్రించెను. వాలరునకు జిమ్మీ యను బుల్‌డాగ్ జాతి కుక్క యొకటి యుండెను. దాని పాదములను ఉప్పునీటి పాత్రలలో నుంచి ఆయన సభలలో ఈ ప్రయోగమును ప్రదర్శించుచుండెడివాడు. 1909 లో రాయల్ సొసైటీలో జరిగిన అట్టి ప్రదర్శనను గూర్చి, అది జంతుహింస కాదా యని బ్రిటిషు పార్లమెంటులో ప్రశ్న వచ్చెను. కుక్క నిలుచున్నది వట్టి ఉప్పునీటిలోనే యని మంత్రి సమాధానము చెప్పవలసివచ్చెను. చిత్రమేమన, ఈ విద్యకు ఆసుపత్రులలో విస్తారమైన వినియోగము కలుగునని వాలరే తలపలేదు.

ఆ వినియోగమును కలిగించినవాడు హాలండు దేశస్థుడు విలెం ఐంతోవెన్. ఆయన 1860 లో జావాద్వీపమున సెమరాంగు పట్టణమున జన్మించి, లైడెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. పాదరసపు కదలిక మందగొండిదని గ్రహించి, ఆయన వేరొక మార్గము త్రొక్కెను. బలమైన అయస్కాంతముల నడుమ వెండిపూత పూసిన అతిసన్నని స్ఫటికపు తీగను నిలిపి, గుండెనుండి వచ్చు విద్యుత్తును దానిగుండా పంపెను. తీగ అదరును, ఆ యదురుపాటు నీడగా కదలుచున్న ఛాయాచిత్రపు పలకమీద పడును. 1901 లో ఆయన ఈ యంత్రమును లోకమునకు వెల్లడించెను. యంత్రము రమారమి 270 కిలోల బరువు. దానిని నడుపుటకు ఐదుగురు మనుష్యులు కావలెను. అయస్కాంతములు వేడెక్కకుండ నీరు ప్రవహింపవలెను. రోగి చేతులు రెండును, ఎడమకాలును ఉప్పునీటి పాత్రలలో ముంచి కూర్చుండవలెను. నేడు ప్రతి ఇ.సి.జి. చీటిమీద వైద్యులు చదువు పి, క్యు, ఆర్, ఎస్, టి యను గుర్తులు ఐంతోవెన్ పెట్టినవే.

ఇక రేడియో శ్రోతలకు ప్రీతి కలిగించు విషయ మొకటి. అంత బరువైన యంత్రమును ఆసుపత్రికి మోసికొనిపోవుట అసాధ్యము. ఆసుపత్రి ప్రయోగశాలకు ఒకటిన్నర కిలోమీటరు దూరమున నుండెను. ఐంతోవెన్ 1905 లో ఆసుపత్రిలోని రోగి గుండె విద్యుత్తును టెలిఫోను తీగమీద తన ప్రయోగశాలకు తెప్పించుకొని చిత్రించెను. రోగి యొకచోట, గుండె గీత వేరొకచోట! 1924 లో ఆయనకు నోబెల్ బహుమాన మొసగబడెను.

తరువాతి కథ యంత్రము చిన్నదైన కథ. ఐదుగురు మోయలేని యంత్రము పెట్టెలో పట్టునంతదయ్యెను. ఉప్పునీటి పాత్రలు పోయి లోహపు పట్టీలు వచ్చెను. 1938 లో అమెరికా, బ్రిటనులలోని హృద్రోగవైద్య సంఘములు రొమ్ముమీద పట్టీలుంచవలసిన స్థానములను నిర్ణయించెను. 1942 నాటికి నేటి పండ్రెండు గీతల ఇ.సి.జి. రూపు పూర్తియయ్యెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలోని మాంటానా రాష్ట్రమున నార్మన్ హోల్టర్ అను శాస్త్రజ్ఞుడు, మనిషి తిరుగుచుండగనే గుండె విద్యుత్తును రేడియో తరంగముల ద్వారా పంపు సాధనమును నిర్మించెను. తొలి సాధనమును వీపునకు తగిలించుకొన్న మనిషి 38 కిలోలు మోయవలసి యుండెను. 1961 నాటికది కోటు జేబులో పట్టునంతగా తగ్గెను. రాత్రింబవళ్లు గుండెను కనిపెట్టియుండు ఈ పరీక్షకు హోల్టర్ పేరే నిలిచినది.

యంత్రము ఒక్కటే యైనప్పుడు, పరీక్షకు వెల యెవరు చెల్లింపవలెనన్న ప్రశ్న పుట్టలేదు. అది ప్రయోగశాలలోని విద్య. ప్రతి వైద్యుని బల్లమీదికిని యంత్రము వచ్చినప్పుడు ఆ ప్రశ్న పుట్టెను. పరీక్ష చవుకైనకొలది దానిని కోరువా రెక్కువయిరి. కోరువా రెక్కువయిన కొలది చెల్లించువారు నిబంధనలు వెదుకజొచ్చిరి.

ఇచట బీమా వ్యాపారమునకు గల రెండు ముఖములను గుర్తింపవలెను. జీవితబీమా వ్యాపారమున, పెద్ద మొత్తమునకు పాలసీ కోరినవానిని, వయసు మళ్లినవానిని ఇ.సి.జి. తీయించుకొని రమ్మని బీమావారే కోరుదురు. అతనికి నొప్పి లేదు, దడ లేదు, ఆయాసము లేదు. అయినను పరీక్ష కావలెను. అతని గుండెలోని గుట్టు బీమావారి సొమ్మునకు సంబంధించినది గదా! ఆరోగ్యబీమా వ్యాపారమున అదే మనిషి, "నాకేమియు బాధ లేదు, అయినను ఒక్కమారు పరీక్షించి చూడుడు" అన్నచో, బాధ లేనివానికి పరీక్ష యేల యని ప్రశ్నింతురు. నష్టము తమదైనచోట అవసరమైన పరీక్ష, నష్టము వానిదైనచోట అనవసర మగుచున్నది. ఈ మాట కొంత నిష్ఠురమే. కాని రెంటికిని ప్రయోజనభేద మున్నది. జీవితబీమావారు పాలసీ వెల కట్టుటకు పరీక్షింతురు. ఆరోగ్యబీమావారు చికిత్సకు దారిచూపు పరీక్షకు మాత్రమే చెల్లింతుమందురు. ఈ రెండవ మాట చట్టరూపము దాల్చిన సందర్భము చరిత్రలో స్పష్టముగా కానవచ్చుచున్నది.

1965 జూలై 30 వ తేదీన అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మిస్సోరి రాష్ట్రములోని ఇండిపెండెన్సు పట్టణమునకు పోయి, మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ సమక్షమున మెడికేర్ చట్టముమీద సంతకము చేసెను. ఇరువదేండ్లకు ముందు అట్టి పథకమును ప్రతిపాదించి నెగ్గలేకపోయిన ట్రూమనునకే మొదటి చీటి లభించెను. అప్పటి కాయన వయస్సు 81 సంవత్సరములు. 1966 జూలై 1 వ తేదీనుండి 65 ఏండ్లు నిండినవారికి ప్రభుత్వపు ఆరోగ్యబీమా అమలులోనికి వచ్చెను. వైద్యుల రుసుములకును, ఇట్టి పరీక్షలకును సంబంధించిన భాగమునకు వృద్ధులు నెలకు 3 డాలర్లు కట్టవలెను. ఏడాదిలో మొదటి 50 డాలర్లు తామే భరించి, ఆపై అయిదింట ఒకవంతు తాము చెల్లింపవలెను. తక్కిన నాలుగువంతులు ప్రభుత్వము చెల్లించును.

ఆ చట్టములో రెండు నియమములు మన కథకు ప్రాణప్రదములు. రోగమును గుర్తించుటకో, దానికి చికిత్స చేయుటకో సహేతుకమును, అవసరమును కానిదానికి చెల్లింపరాదని యొకటి. మామూలు ఆరోగ్యపరీక్షలకు చెల్లింపరాదని రెండవది. సహేతుక మనగా నేమి, అవసర మనగా నేమి యని చట్టము వివరింపలేదు. నాటినుండి నేటివరకు వచ్చిన నిబంధనలన్నియు ఆ రెండు పదములకు వ్రాసిన వ్యాఖ్యానములే యనవచ్చును. మూర్ఛ, గుండెదడ, రొమ్మునొప్పి మున్నగు లక్షణము లున్నవాడు ఇ.సి.జి. తీయించుకొన్నచో చెల్లింపు గలదు. ఏ లక్షణమును లేక ఊరక తీయించుకొన్నచో లేదు.

లక్షణములు లేనివానికి పరీక్ష నిజముగా వ్యర్థమా? ఇందుకు విరుద్ధమైన సాక్ష్యము అమెరికాలోనే పుట్టెను. మసాచుసెట్సు రాష్ట్రములోని ఫ్రామింగ్‌హామ్ పట్టణమున 1948 లో ఒక గొప్ప పరిశోధన ఆరంభమయ్యెను. 5,209 మంది స్త్రీపురుషులను ఎన్నుకొని, రెండేండ్ల కొకమారు పిలిచి, ఇ.సి.జి.తో సహా పరీక్షించుచు వచ్చిరి. ముప్పదియేండ్ల లెక్కలు తీసి 1984 లో ప్రకటించినప్పుడు వైద్యలోక మాశ్చర్యపడెను. వారిలో కలిగిన గుండెపోటులలో నూటికి ఇరువదియైదుకు పైగా ఆ ఇ.సి.జి. చీటిమీదనే మొట్టమొదట బయటపడెను. వానిలో దాదాపు సగము, రోగికి ఏ బాధయు తెలియకుండ వచ్చిపోయినవి. అనగా లక్షణము లుండవలెనన్న నియమము, లక్షణములు లేకయే గాయపడిన గుండెలను కనుగొనలేదన్నమాట.

ఈ వాదము కొంతకాలమునకు ఫలించెను. 2003 లో వచ్చిన చట్టసవరణ ననుసరించి, 2005 జనవరి 1 వ తేదీనుండి మెడికేర్‌లో క్రొత్తగా చేరినవారికి, చేరిన ఆరు నెలలలోగా, ఒక్కమారు స్వాగత పరీక్ష జరుగు నేర్పాటయ్యెను. అందు ఇ.సి.జి. ఒక అంగము. బాధ లేనివాని గుండె గీతకు ప్రభుత్వము మూల్యము చెల్లించుట అదే మొదలు. కాని ఆ ఔదార్యము నాలుగేండ్లే నిలిచెను. 2008 నాటి మరియొక చట్టము, స్వాగత పరీక్ష గడువును ఏడాదికి పెంచుచునే, ఇ.సి.జి.ని తప్పనిసరి భాగముగా నుండి తొలగించెను. 2009 నుండి వైద్యుడు వ్రాసి యిచ్చిననే అది జరుగును.

ఎందు కిట్లు వెనుకకు తీసికొనిరి? ఇది లోభము మాత్రమే కాదు. ఇందులో ఒక లెక్క యున్నది. ఊహకొరకు వేయిమంది ఆరోగ్యవంతులను తలచుకొందము. వారిలో పదిమందికి దాగియున్న జబ్బున్న దనుకొందము. పరీక్ష ఆ పదిమందిని పట్టుకొనినను, జబ్బులేని నూరుగురిలో పదిమందిని పొరపాటున అనుమానించు ననుకొందము. మిగిలిన 990 మందిలో 99 మంది అనుమానితు లగుదురు. పదిమందిని పట్టుటకు తొంబదితొమ్మిదిమందిని భయపెట్టవలసి వచ్చినది. వారందరును మరికొన్ని పరీక్షలకు పోవలెను. కొందరికి రక్తనాళములలోనికి గొట్టము పంపి చిత్రము తీయవలసి వచ్చును. కోత లేని పరీక్ష కోతకు దారితీయును. అందుచేతనే అమెరికాలోని నివారణవైద్య నిపుణుల సంఘము 2012 లోను, మరల 2018 లోను, అపాయము తక్కువగా నున్నవారికి బాధ లేకుండ ఇ.సి.జి. తీయవలదని సలహా యిచ్చెను. అపాయ మెక్కువగా నున్నవారి విషయమున తీర్పు చెప్పుటకు సాక్ష్యము చాలదనెను.

లక్షణము లున్నవారి విషయమున సైతము నిబంధన యెంత సూక్ష్మమునకు దిగునో తెలుపు ఉదాహరణములు రెండు చెప్పెదను. ప్రాణాంతకమైన లయభంగము కలిగినప్పుడు లోపలనుండియే విద్యుదాఘాత మిచ్చి గుండెను సరిచేయు చిన్న యంత్రము కలదు. దానిని రొమ్ములో చర్మముక్రింద అమర్తురు. చాల ఖరీదైనది. 2002 లో ప్రకటితమైన పరిశోధనయందు, పూర్వము గుండెపోటు వచ్చి గుండె బలము బాగుగా తగ్గిన 1,232 మందిని పరిశీలించిరి. యంత్రము లేనివారిలో నూటికి 19.8 మంది మరణింపగా, యంత్ర మమర్చినవారిలో 14.2 మంది మరణించిరి. ఫలితము స్పష్టమే. కాని అట్టి వారందరికి యంత్రము లిచ్చినచో వ్యయము అపారము. 2003 లో మెడికేర్ అధికారులు ఒక గీత గీసిరి. ఇ.సి.జి.లో క్యు.ఆర్.ఎస్. అను భాగము 0.12 సెకనుకంటె వెడల్పుగా నున్నవారికే చెల్లింతుమనిరి. ఇ.సి.జి. కాగితము మీద చిన్నగడి ఒక్కొక్కటి 0.04 సెకనునకు సమానము. మూడు గళ్లు! మూడు గళ్లు దాటినవానికి యంత్రము, దాటనివానికి లేదు. ఐంతోవెన్ గీతయే బీమా గీత యయ్యెను. వెడల్పైన గీత గలవారికి లాభ మెక్కువయని అధికారుల వాదము. ఆ పరిశోధన అట్టి విభజనకొరకు చేసినది కాదని వైద్యుల వాదము. 2005 జనవరిలో ఆ నియమమును సడలించి, అమర్చిన ప్రతి యంత్రపు వివరమును పట్టికలో నమోదు చేయవలెనని మాత్రము విధించిరి.

రెండవ ఉదాహరణము ఇంకను సూక్ష్మమైనది. హఠాన్మరణపు అపాయము గలవారిలో కొందరికి, ఇ.సి.జి.లోని టి యను తరంగము ఒక స్పందన విడిచి ఒక స్పందనకు కొద్దిగా హెచ్చుతగ్గు లగుచుండును. ఆ తేడా వోల్టులో పదిలక్షలవ వంతుల లెక్కలోనిది, కంటికి కానరాదు. వ్యాయామముతో గుండెవేగము పెంచి, గణకయంత్రముచే లెక్కకట్టించి కనుగొందురు. మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున వృద్ధిపొందిన ఈ పద్ధతిమీద 1994 లో ముఖ్యమైన వ్యాసము వెలువడెను. 2006 మార్చిలో మెడికేర్ దీనికి చెల్లింప నంగీకరించెను. కాని ఒక్క షరతు. తరంగముల నొకానొక గణితపద్ధతిచే విశ్లేషించిననే చెల్లింపు. వేరొక గణితపద్ధతి వాడినచో లేదు. రోగి అతడే, రోగము అదే, పట్టీలు అవే; లెక్కచేసిన రీతి మారినచో సొమ్ము లేదు! రెండవ పద్ధతికి తగిన సాక్ష్యము లేదని అధికారుల సమాధానము. 2015 లో దానిని దేశమంతటికి నిషేధింపక, ప్రాంతీయ గుత్తేదారుల విచక్షణకు విడిచిరి. గుండె రక్తనాళములను సి.టి. యంత్రముతో చిత్రించు పరీక్ష విషయమున కూడ 2008 లో ఇట్లే జరిగెను. దేశమున కొక్కటే నియమము చేయదలచి, వైద్యసంఘముల అభ్యంతరములు విని, తుదకు ప్రాంతీయుల కొప్పగించిరి.

ఇంతవరకును అధికారులు సాక్ష్యమును తూచిన కథ. మా మామయ్యగారి ప్రశ్నకు దగ్గరగా వచ్చు మలుపు 1997 లో గలదు. అమెరికాలో ఆనాడు కొన్ని బీమాసంస్థలు, రొమ్మునొప్పితో అత్యవసర విభాగమునకు పరుగెత్తినవానికి అది అజీర్తియని తేలినచో, అత్యవసరము కాదు గావున చెల్లింపమనుచుండెను. ఆ యేటి బడ్జెట్టు చట్టములో, మెడికేర్ క్రింద నడచు ప్రైవేటు పథకములకును, పేదల పథకమునకును ఒక నియమము విధించిరి. అత్యవసర మవునా కాదా యని నిర్ణయించునప్పుడు తుదకు తేలిన రోగమును కాక, ఆ క్షణమున రోగికి తోచినదానిని చూడవలెను. వైద్యశాస్త్ర మెరుగని, సామాన్యవివేకము గల మనిషి, ఆ బాధను చూచి ప్రాణాపాయమని భయపడుట సహజమా కాదా? సహజమైనచో చెల్లింపవలెను. 2010 లో వచ్చిన ఆరోగ్యచట్టముతో ఈ నియమము ప్రైవేటు బీమాకు కూడ విస్తరించెను. ఎంత సరళమైన న్యాయము! పరీక్ష చేసిన తరువాత తెలిసినదానిని, పరీక్షకు ముందే తెలిసియుండవలసినదని రోగిని తప్పుపట్టరాదు.

ఇక మన దేశమునకు వత్తము. 1948 నాటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టము 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీలలో అమలయ్యెను. దానిక్రింద కార్మికునికి ఆసుపత్రిలో చేరినను చేరకున్నను వైద్యము గలదు. వైద్యుడు వ్రాసిన పరీక్షయు అందులోనిదే. కాని అది వేతనపరిమితికి లోబడిన కార్మికులకే. మధ్యతరగతి గృహస్థునకు 1986 లో ప్రభుత్వరంగ బీమాసంస్థలు మెడిక్లెయిము అను పాలసీని తెచ్చెను. దాని మూలసూత్రము ఆసుపత్రిలో చేరుట. అదియు సాధారణముగా 24 గంటలకు తక్కువ కాకుండ. చేరక తీయించుకొన్న ఇ.సి.జి.కి చోటు లేదు. చేరుటకు పూర్వము, నియమిత దినములలోపల, అదే రోగమునకై జరిగిన పరీక్షలకు మాత్రము చోటు గలదు. ఈ నియమము వలన, బయట జరుగగల పరీక్షలకై మంచమెక్కు అలవాటు కొందరిలో పుట్టెను. దానిని అరికట్టుటకు మరియొక నియమము పుట్టెను. 2019 లో బీమా నియంత్రణ సంస్థ మినహాయింపులను దేశమంతటను ఒకే మాటలలో వ్రాయవలెనని నిర్దేశించినప్పుడు, నాలుగవ సంఖ్యగా చోటుచేసికొన్న మినహాయింపు ఇదియే: ప్రధానముగా పరీక్షల కొరకే ఆసుపత్రిలో చేరినచో ఆ వ్యయము చెల్లింపబడదు.

మామయ్యగారి యుత్తరమునకు మూలము ఇచట దొరకినది. మంచమును దుర్వినియోగము చేయువానికై వ్రాసిన వాక్యము, ప్రాణభయముతో అర్ధరాత్రి పరుగెత్తిన వృద్ధుని తాకినది. ఆ వాక్యమున "ప్రధానముగా" అను పదమున్నది. ఆయన ప్రధానముగా పరీక్షకొరకు పోయెనా, నొప్పి కొరకు పోయెనా? తగవంతయు అందే యున్నది.

మన తెలుగునాట 2007 ఏప్రిలులో, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అనంతపురము, మహబూబునగరము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము ఈ విషయమున ఒక మెట్టు పైనున్నది. తెల్లకార్డు గల పేదవాడు పథకపు ఆసుపత్రికి పోయినచో, శస్త్రచికిత్స అవసరమని తేలినను, అవసరము లేదని తేలినను, ఆ పరిశీలనకు అతడు సొమ్మియ్య నక్కరలేకుండునట్లు ఏర్పాటు చేసిరి. రోగము లేదని తెలియుట కూడ వైద్యములోని భాగమే యను సత్యమును ఆ నియమము గుర్తించినది.

ఈ చరిత్రనుండి గృహస్థుడు గ్రహింపవలసిన దేమి? బాధ లేనివాని పరీక్షకు బీమావారు చెల్లింపరనుట ఎల్లప్పుడును అన్యాయము కాదు. ఆ లెక్క పైన చెప్పితిని. కాని బాధ యున్నవాని పరీక్షను, ఫలితము మంచిదైనదన్న కారణమున త్రోసివేయుట వేరు సంగతి. కావున ఆసుపత్రిలో చేరునప్పుడు వ్రాసిన కాగితమున నొప్పి యెప్పుడు వచ్చినది, ఎట్లున్నది, వైద్యుడు దేనిని శంకించెను అను విషయములు స్పష్టముగా నున్నవో లేదో చూచుకొనుడు. ఇంటికి పంపునప్పుడు ఇచ్చు సారాంశములో "పరీక్షల నిమిత్తము చేరెను" అని యుండుటకును, "తీవ్రమైన రొమ్మునొప్పితో చేరెను" అని యుండుటకును వేలరూపాయల తేడా గలదు. బీమావారు కాదన్నచో, మొదట ఆ సంస్థకే అభ్యంతరము వ్రాయుడు. నెలలోపల సమాధానము రాకున్నను, వచ్చినది తృప్తికరము కాకున్నను, బీమా అంబుడ్స్‌మన్ అను అధికారికి ఫిర్యాదు చేయవచ్చును. హైదరాబాదులోను ఆ కార్యాలయ మొకటి యున్నది. ఖర్చు లేదు, వకీలు నక్కరలేదు. కాని గడువున్నది, సంస్థ నిరాకరించిన నాటినుండి ఏడాదిలోపల వ్రాయవలెను.

ఈ సంగతి మాకు తెలియునప్పటికి ఏడాది గడచిపోయెను. మామయ్యగారు ఆ ఉత్తరమును, ఆనాటి ఇ.సి.జి. చీటిని ఒకే కవరులో పెట్టి దాచుకొన్నారు. మొన్న మరల తీసి చూపి, చీటిలోని గీతలలో ఏది పి, ఏది టి యని నన్నడిగిరి. తెలిసినంతవరకు చెప్పితిని. ఆయన వ్రేలితో గళ్లు లెక్కించుచు, "చక్కగానే కొట్టుకొన్నది కదరా! వాళ్లకు అదే నచ్చలేదు" అనిరి. ఆయన సొమ్ము తిరిగిరాదు. ఈ మాటలు చదివినవారిలో ఒక్కరికైనను గడువులోపల ఉత్తరము వ్రాయుట తెలిసివచ్చినచో, ఆ చీటి దాచుకొన్నందుకు ప్రయోజనము కలిగినట్లే.